ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు, వంద శాతం వాస్తు: ఇళ్ల ప్రకటనల్లో ఏ మాటను ఎంతవరకు నమ్మొచ్చు

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి విజయనగరం జిల్లాలో ఇళ్లు అమ్మే భాషే మారిపోయింది. ఒకప్పుడు ‘గంటస్తంభానికి దగ్గర’, ‘కోటకు నడిచి వెళ్లొచ్చు’ అని రాసుకున్న ఇళ్లకు కూడా ఇప్పుడు ఎయిర్‌పోర్టు తోక తగిలిస్తున్నారు. దాసన్నపేట సందులో పాత పెంకుటిల్లు అమ్మాలన్నా చివరి లైను అదే. ఆదివారం పేపర్లో పెట్టి పంచే పాంప్లెట్లు, కరెంటు స్తంభాలకు కట్టే ఫ్లెక్సీలు, రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చిపడే మెసేజీలు, అన్నిట్లోనూ ఇంచుమించు అవే మాటలు. వాటిలో ఏది పట్టించుకోవాలో కొనేవాళ్లకు అర్థం కావడం లేదు. ఏది రాస్తే కొనే ‘పార్టీ’ వస్తుందో అమ్మేవాళ్లకూ అంతు చిక్కడం లేదు.

టేపుకు అందేవి, కాగితానికి అందేవి, దేనికీ అందనివి

ఇంటి ప్రకటనలో మాటలు మూడు రకాలు. కొన్ని టేపు పట్టి తేల్చుకోవచ్చు: ఎన్ని గజాలు, గది ఎంత, వీధి వెడల్పెంత. కొన్ని కాగితం తెప్పించి తేల్చుకోవచ్చు: లే అవుట్‌కు ఎల్పీ నంబరు (అనుమతి నంబరు) ఉందా, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉందా, ఈసీలో (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో) ఏముంది. ఇక ‘ప్రశాంత వాతావరణం’, ‘డెవలప్డ్ ఏరియా’, ‘మళ్లీ రాని అవకాశం’ లాంటివి దేనికీ అందవు. వ్యాపారంలో ఈ మూడో రకం గొప్పలు మామూలే. వాటిని నమ్మి మోసపోయాననడం కష్టం, అబద్ధం రాశారని నిరూపించడం ఇంకా కష్టం.

ఈ మూడో రకంతో పెద్దగా ప్రమాదం లేదు. ‘బంగారం లాంటి ఇల్లు’ అన్నంత మాత్రాన ఎవరూ అడ్వాన్సు ఇచ్చేయరు. అసలు చిక్కు, మూడో రకం మాట మొదటి రెండు రకాల వేషంలో వచ్చినప్పుడు. అంకె ఉంటుంది, కొలత ఉండదు. కాగితం పేరు ఉంటుంది, కాగితం ఉండదు. ఇలాంటి ప్రకటన ఒకటి ఊహించుకుందాం:

“విజయనగరం రింగ్ రోడ్డు దగ్గర, ప్రశాంత వాతావరణంలో 150 గజాల ఈస్ట్ ఫేసింగ్ ఇండిపెండెంట్ హౌస్. టూ బెడ్‌రూమ్. వంద శాతం వాస్తు. క్లియర్ టైటిల్. వీఎంఆర్‌డీఏ పరిధి. 24 గంటలూ నీళ్లు. స్కూళ్లు, ఆసుపత్రులు అన్నీ దగ్గరే. ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు. ఓనర్‌కు అర్జంటు. రేటు కూర్చుని మాట్లాడుకోవచ్చు.”

ఇందులో పచ్చి అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. అయినా ఇది చదివి బయల్దేరిన మనిషి ఊహించుకున్న ఇల్లు ఒకటి, వెళ్లి చూసే ఇల్లు ఇంకొకటి.

20 నిమిషాలంటే ఎన్ని కిలోమీటర్లు?

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 20 నిమిషాల్లో 13 కిలోమీటర్లు దాటుతాం. 60 మీద వెళ్తే 20 కిలోమీటర్లు. హైవే ఖాళీగా ఉండి 80 మీద లాగించేస్తే దాదాపు 27. అదే మాట 13 కిలోమీటర్ల దూరంలోని ఇంటికీ సరిపోతుంది, 27 కిలోమీటర్ల దూరంలోని ఇంటికీ సరిపోతుంది. మ్యాపు మీద విమానాశ్రయం చుట్టూ ఈ రెండు దూరాలతో రెండు వృత్తాలు గీస్తే, పెద్ద వృత్తంలో పట్టే నేల చిన్నదానికి నాలుగింతలు. అంత నేలకూ ఒకే మాట అతికించవచ్చన్నమాట.

ఇంకా రెండు ప్రశ్నలు మిగిలే ఉంటాయి. 20 నిమిషాలు లెక్కపెట్టింది ఇంటి గేటు నుంచా, ఎన్‌హెచ్ 16 ఎక్కాకా? తెల్లవారుజామునా, సాయంత్రం ఆరింటికా? సందులోంచి బయటపడి, ఊరు దాటి హైవే చేరడానికి పట్టే సమయం చాలా ప్రకటనల్లో లెక్కలోకి రాదు.

శ్రీకాకుళం వైపు ఇదే చిక్కు రైల్వే స్టేషన్‌తో వస్తుంది. ‘శ్రీకాకుళం రోడ్’ అనే స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. శ్రీకాకుళం ఊరికీ దానికీ మధ్య పది కిలోమీటర్లకు పైనే దూరం. ‘శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కు ఐదు నిమిషాలు’ అని ఆమదాలవలస ఇంటి గురించి రాస్తే అది నిజమే. జిల్లావాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఫోన్లో చూసేవాళ్లకు మాత్రం ఇల్లు శ్రీకాకుళం ఊళ్లోనే, ఏడు రోడ్ల జంక్షన్ దాపున ఎక్కడో ఉన్నట్టు తోస్తుంది. తప్పుడు మాట ఒక్కటీ రాయకుండానే తప్పు అర్థం తెప్పించవచ్చు.

దగ్గరగా ఉండటానికి ఉన్న రెండో వైపు ప్రకటనల్లో కనిపించదు. విమానాశ్రయం చుట్టుపక్కల కట్టడాల ఎత్తుకు పౌర విమానయాన శాఖ నిబంధనల ప్రకారం పరిమితులుంటాయి. మరీ దగ్గరైతే విమానాల చప్పుడూ ఉంటుంది. భోగాపురం తీరాన ‘బీచ్ పక్కనే’ అనే ప్రకటనలదీ అదే సంగతి. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం పల్లె ప్రాంతాల తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలకు వీల్లేదు. జనసాంద్రత ఎక్కువున్న పల్లెలకు ఆ హద్దు 50 మీటర్లు. సముద్రం ఎంత దగ్గరైతే ఇల్లు కట్టుకోవడం అంత దూరమయ్యే చోట్లు ఉన్నాయి.

150 గజాలు, మూడు సెంట్లు: ఒకటే కాదు

ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు. మన పాత దస్తావేజుల్లో చాలావాటిలో విస్తీర్ణం సెంట్లలోనే ఉంటుంది, బేరం మాత్రం గజాల్లో సాగుతుంది. ఈ మారకంలో నోటి లెక్క దొర్లుతుంది. మూడు సెంట్లంటే 145.2 గజాలు. దాన్ని ‘సుమారు 150 గజాలు’ అనేయడం చాలా మామూలు. తేడా 4.8 గజాలే కదా అనిపిస్తుంది. గజం 25 వేల చొప్పున బేరమైతే ఆ ‘సుమారు’ ఖరీదు లక్షా ఇరవై వేలు.

దస్తావేజులో ఉన్నంత నేల మీద ఉందా అనేది వేరే సంగతి. రోడ్డు వెడల్పులోనో, కాలువ తవ్వకంలోనో కొంత పోయి ఉండొచ్చు. పక్కింటి గోడ అరడుగు ఇటు జరిగి ఉండొచ్చు. కాబట్టి ప్రకటనలో ‘150 గజాలు’ అన్న ఒక్క అంకె వెనక మూడు వేర్వేరు అంకెలు ఉండే అవకాశం ఉంది: కాగితం మీదది, నేల మీదది, నోటి లెక్కది.

అపార్టుమెంట్లో ఈ గందరగోళం ఇంకా ముదురుతుంది. కార్పెట్ ఏరియా అంటే నాలుగు గోడల లోపల మనం కాలు పెట్టి వాడుకునే నేల. 2016 నాటి రెరా చట్టం దీన్ని స్పష్టంగా నిర్వచించింది: గదుల మధ్య గోడలు లెక్కలోకి వస్తాయి. బయటి గోడలు, బాల్కనీ, సొంత డాబా, పైపులు దిగే షాఫ్టులు రావు. కార్పెట్ ఏరియాకు అవీ, వాటికి తోడు మెట్లు, లిఫ్టు, కారిడార్లలో మన వాటా కలిపి చెప్పేది సూపర్ బిల్టప్ ఏరియా. పాంప్లెట్‌లో పెద్దక్షరాలతో ఉండేది సాధారణంగా ఇదే.

రెండు ఫ్లాట్లు అనుకోండి. పాంప్లెట్ ప్రకారం మొదటిది 1,350 చదరపు అడుగులు, 54 లక్షలు. అడుగు 4,000 పడింది. రెండోది 1,200 అడుగులు, 51 లక్షల 60 వేలు. అడుగు 4,300. మొదటిదే చవకని ఎవరైనా అంటారు. ఇప్పుడు కార్పెట్ ఏరియా చూద్దాం: మొదటిదానిలో 950 అడుగులు, రెండోదానిలో 930. లెక్క తిరగేస్తే మొదటిది అడుగు 5,684 రూపాయలు, రెండోది 5,548. చవక అనుకున్నదే ఖరీదైనది. అదనంగా పెట్టే రెండు లక్షల 40 వేలకు లోపల దక్కేది 20 అడుగుల నేల, అంటే ఒక బాత్రూమంత కూడా కాదు.

కాగితం పేరున్న మాటలు

‘వీఎంఆర్‌డీఏ పరిధి’ అంటే ఆ నేల ఏ పట్టణాభివృద్ధి సంస్థ కిందికి వస్తుందో చెప్పడమే. అనుమతి ఉందని కాదు. శ్రీకాకుళంలో సుడా, బొబ్బిలి వైపు బుడా పేర్లు కూడా ప్రకటనల్లో ఇలాగే వాడతారు. ‘అప్రూవ్డ్’ అంటే అనుమతి వచ్చింది, దానికో ఎల్పీ నంబరు ఉంటుంది. ‘అప్లైడ్’ అంటే దరఖాస్తు పెట్టారు, అంతే. ‘ప్రపోజ్డ్’ అంటే అదీ చెప్పలేం. లే అవుట్ చూడ్డానికి వెళ్లినవాళ్లు “60 అడుగుల రోడ్డన్నారు, ఏదండీ?” అనడిగితే “వస్తాదండి బాబూ, ప్లానులో ఉంది కదా” అనే సమాధానం ఈ ‘ప్రపోజ్డ్’లోంచే పుడుతుంది. ఏ ప్లాను, ఎవరు ఆమోదించిన ప్లాను అన్నది మళ్లీ అడిగితే తప్ప బయటికి రాదు.

‘క్లియర్ టైటిల్’ ఇంతకన్నా సున్నితమైనది. చాలామంది దీన్ని ‘ఈసీ క్లియర్‌గా ఉంది’ అనే అర్థంలో వాడతారు, అందులో దురుద్దేశం ఏమీ ఉండదు. కానీ ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టరు చేయని అగ్రిమెంటు, బీరువాలో ఉన్న వీలునామా, పంపకాల్లో వాటా రాలేదని అలిగి విశాఖలో కూర్చున్న చెల్లెలు, ఇవేవీ అందులో ఉండవు. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు చేయని భూముల నిషేధిత జాబితా 22ఏలో ఉందా, అది జిరాయితీయా (సొంత పట్టా భూమా) డి-పట్టా భూమా (ప్రభుత్వం అసైన్ చేసిందా) అన్నవీ ఈసీతో తేలవు.

తూర్పు ముఖం ఎవరికి?

‘ఈస్ట్ ఫేసింగ్’ అనే మాటను కొందరు రోడ్డు తూర్పున ఉంటే వాడతారు, కొందరు సింహద్వారం తూర్పుకు ఉంటే వాడతారు. రోడ్డు ఉత్తరాన ఉండి, గుమ్మం పక్కనుంచి తూర్పుకు పెట్టిన ఇళ్లు పాత వీధుల్లో బోలెడు. దిక్సూచి పెడితే ఒక్క క్షణంలో తేలిపోయే విషయం ఇది. ‘వంద శాతం వాస్తు’ అలా కాదు. ఆ వందను లెక్కగట్టే పద్ధతి అంటూ ఏదీ లేదు. ఇద్దరు సిద్ధాంతులు ఒకే ఇంట్లో రెండు దోషాలు పట్టగలరు.

అయినా ఈ మాటను తీసిపారేయలేం. కొనేవాళ్లకు వాస్తు నమ్మకం ఉన్నా లేకపోయినా, రేపు తిరిగి అమ్మేటప్పుడు ఎదుటివాడికి ఉంటుందేమోనని లెక్క వేసుకుంటారు. దక్షిణ ముఖం ఇంటికి రేటు తగ్గేది చాలాసార్లు ఆ లెక్క వల్లే. ప్రకటనలో దిక్కు రాయడం అందుకే సమాచారం కిందికి వస్తుంది. శాతం రాయడం రాదు.

ఫొటోల గురించి ఒక్క మాట. ఇప్పటి ఫోన్లలో వైడ్ లెన్సుతో గుమ్మం మూల నుంచి తీస్తే పది బై పదకొండు అడుగుల గది కల్యాణ మండపంలా పడుతుంది. ఫొటో అంచుల్లో ఫ్యాను రెక్కలు సాగినట్టు, కిటికీ చువ్వలు వంగినట్టు కనిపిస్తే అది ఆ లెన్సు పనే. ‘నాగావళి వ్యూ’ అని శ్రీకాకుళంలో మేడ మీద నుంచి తీసిన ఫొటోలో నది అందంగానే ఉంటుంది. వరదప్పుడు నీళ్లు వీధిలోకి ఎంతవరకు వచ్చాయన్నది అందులో పడదు.

‘ఓనర్‌కు అర్జంటు’ అని రాసేదెవరు?

ఈ ప్రకటనలు చాలావరకు ఇంటి యజమాని రాసేవి కావు. బ్రోకర్ కోణంలో చూస్తే చాలా మాటలు ఎందుకు వచ్చాయో తెలుస్తుంది. కమిషన్ ఒక శాతం అనుకుందాం. 50 లక్షలకు ఇల్లు అమ్ముడైతే అతనికి 50 వేలు. మరో రెండు నెలలు ఆగితే 52 లక్షలు వస్తాయనుకోండి. యజమానికి రెండు లక్షలు కలిసొస్తుంది, బ్రోకర్‌కు రెండు వేలు. ఆ రెండు వేల కోసం రెండు నెలలు ఇల్లు చూపిస్తూ పెట్రోలు కాల్చుకునేవాళ్లు ఎవరుంటారు? అందుకే ‘అర్జంటు’, ‘కూర్చుని మాట్లాడుకోవచ్చు’ అన్న మాటలు. అవి కొనేవాడిని పిలుస్తూనే, రేటు తగ్గుతుందన్న కబురు కూడా ముందే అందించేస్తాయి. ఇది యజమానికి మంచిదా? చాలాసార్లు కాదు.

ఇది మన ఊళ్ల సంగతే కాదు. అమెరికాలో షికాగో ప్రాంతంలో దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లు అమ్ముకున్నప్పుడు, ఖాతాదారుల ఇళ్లకన్నా పది రోజుల దాకా ఎక్కువ ఆగి, మూడు శాతానికి పైగా ఎక్కువ ధరకు అమ్ముకున్నారని అందులో తేలింది. బ్రోకర్లు చెడ్డవాళ్లని దీని అర్థం కాదు. కమిషన్ లెక్క అలా ఉంది.

మాటకు చట్టం ఎంతవరకు బాధ్యత కడుతుంది?

ఇల్లు ఎవరు అమ్ముతున్నారన్నదాన్ని బట్టి ఇది మారిపోతుంది. కట్టి అమ్మే ప్రమోటర్ అయితే రెరా చట్టం గట్టిగానే ఉంది. సెక్షన్ 11 ప్రకారం ప్రకటనలో రెరా వెబ్‌సైట్ చిరునామా, ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబరు స్పష్టంగా ఉండాలి. సెక్షన్ 12 ప్రకారం, ప్రకటనలోనో నమూనా ఫ్లాటులోనో చూపిన తప్పుడు సమాచారాన్ని నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోతే ప్రమోటర్ పరిహారం చెల్లించాలి. కొనుగోలుదారు తప్పుకుంటానంటే కట్టిన సొమ్మంతా వడ్డీతో తిరిగివ్వాలి. ప్రకటన అన్న మాటలోకి పాంప్లెట్లు, సర్క్యులర్లు కూడా వస్తాయి.

కానీ 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు మించని స్థలంలోనో, ఎనిమిదికి మించని ఫ్లాట్లతోనో కట్టేవాటికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న ఊళ్లలో నాలుగు, ఆరు ఫ్లాట్ల గ్రూప్ హౌస్‌లు ఈ గీతకు ఇవతలే ఉండిపోతాయి. నంబరు లేనంత మాత్రాన మోసమనీ కాదు, నంబరు ఉన్నంత మాత్రాన ఇల్లు బాగుందనీ కాదు.

సొంత ఇల్లు అమ్ముకునే మామూలు మనిషిపై పనిచేసేవి పాత చట్టాలు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో సెక్షన్ 55 ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియకుండా, మామూలు శ్రద్ధతో చూస్తే బయటపడని ముఖ్యమైన లోపం ఏదైనా ఆస్తిలోనో హక్కులోనో ఉంటే అది చెప్పి తీరాలి. ‘మామూలు శ్రద్ధతో’ అన్నదే ఇక్కడ కీలకం. సందు ఇరుగ్గా ఉండటం చూస్తేనే తెలుస్తుంది, చెప్పకపోయినా పట్టు దొరకదు. సున్నం కొట్టించి కప్పేసిన స్లాబు పగులు, కోర్టులో నడుస్తున్న వాటా దావా ఆ కోవలోకి రావు. తప్పుడు మాట చెప్పి ఒప్పందం చేయిస్తే 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ ఒప్పందాన్ని రద్దు చేయమని కోరవచ్చు. అయితే నాలుగు ఫోన్లు దాటి ఫార్వర్డ్ అయిన వాట్సాప్ మెసేజీలో ఏ మాట యజమానిది, ఏ మాట మధ్యవాళ్లది అని నిరూపించడం దగ్గరే చాలా గొడవలు చల్లబడతాయి.

లోపం ముందే రాయాలా?

దీనిపై రెండు వాదనలున్నాయి, రెండిట్లోనూ పస ఉంది. ముందే రాస్తే ఫోనే రాదని బ్రోకర్లంటారు. మనిషి ఇంట్లోకి వచ్చి పెరట్లో గాలి, వంటగదిలో వెలుతురు చూశాక ‘కారు వీధి చివర పెట్టుకుందాంలే’ అని సర్దుకుంటాడు. ఆ అవకాశం ప్రకటనలోనే పోగొట్టుకోవడం ఎందుకంటారు. రెండో పక్షం చెప్పేది చిన్న ఊరి లెక్క. ఇరవై మంది వచ్చి చూసి వెళ్లిపోతే ‘ఆ ఇల్లా, ఎప్పటినుంచో అమ్మకానికుంది’ అనే మాట టీ కొట్టు దాకా పాకుతుంది. ఆ తర్వాత వచ్చేవాళ్లు రేటు కోయడానికే వస్తారు.

నా లెక్కలో ఇది లోపాన్ని బట్టి ఉంటుంది. గేటు దగ్గరే కనబడే లోపాన్ని దాచి లాభం లేదు, అది చూసే వెనక్కి పోయేవాడు ఎలాగూ పోతాడు. ఇంతకుముందు చూసిన ప్రకటననే టేపుకూ కాగితానికీ అందే మాటలతో తిరగరాస్తే ఇలా ఉండొచ్చు:

“విజయనగరం రింగ్ రోడ్డుకు 400 మీటర్లలో, దస్తావేజు ప్రకారం మూడు సెంట్ల స్థలంలో 2009లో కట్టిన స్లాబు ఇల్లు. సింహద్వారం, వీధి రెండూ తూర్పే. వీధి 12 అడుగులు. బైకు, ఆటో గుమ్మం దాకా వస్తాయి, కారు మలుపులో ఆపాలి. పడకగదులు 10×11, 10×10. పెరట్లో బావి, రెండు కొబ్బరి చెట్లు. బోరు 160 అడుగులు, కుళాయి రోజు విడిచి రోజు. కింది అంతస్తుకు ప్లాను ఉంది, మేడ మీద గదికి లేదు. ఈసీ, లింకు డాక్యుమెంట్ల కాపీలు అడిగితే ఇస్తాం. 48 లక్షలు.”

దీనికి ఫోన్లు తక్కువే వస్తాయి. కారున్నవాళ్లలో సగం మంది మొదటి నాలుగు వాక్యాల్లోనే ఆగిపోతారు. బావీ కొబ్బరి చెట్లూ ఉన్న పెరడు కావాలని వెతుక్కుంటున్న రిటైర్డ్ టీచరెవరో మాత్రం ఆ లైను దగ్గర ఆగి ఇంకోసారి చదువుతారు. ‘ప్రశాంత వాతావరణం’ దగ్గర అలా ఎవరూ ఆగరు. తలపండిన బ్రోకర్ చేతికిస్తే దీన్ని రెండు ముక్కలు చేస్తాడు: పెరడు, బావి, గదుల కొలతలు మెసేజీలో పెట్టి, సందు సంగతి, మేడ మీద గది సంగతి ఫోన్ చేసినవాళ్లకు చెబుతాడు. ఇల్లు చూడ్డానికి బయల్దేరకముందే చెబితే అందులో తప్పుపట్టడానికేమీ లేదు.